ట్రామ్ వైరు చీలే చోట: ఫ్రాగ్‌ను ఎక్కడ వేలాడదీయాలి

విజయవాడలోనో సికింద్రాబాద్‌లోనో ప్లాట్‌ఫాం చివర నిలబడి, పట్టాలు చీలే చోట తలెత్తి చూడండి. పైన వైరు కూడా రెండుగా చీలినట్టే ఉంటుంది. నిజానికి అక్కడ వైరు చీలదు. పక్క లైను వైరు విడిగా వచ్చి, మెయిన్ లైను వైరు పక్కనే కాస్త ఎత్తులో నడిచి, మెల్లగా కిందికి దిగుతుంది. ఇంజను మీద వైరును తాకుతూ కరెంటు తీసుకునే చట్రం, అంటే పాంటోగ్రాఫ్, వెడల్పుగా ఉంటుంది కాబట్టి కాసేపు రెండింటినీ తాకి, ఒకదాన్ని వదిలేసి రెండోదానితో వెళ్లిపోతుంది.

ట్రాలీ పోల్ ఉన్న ట్రాముకు ఈ సౌకర్యం లేదు. ట్రామ్ కారు పైకప్పు మీద ఒక ఇనుప గొట్టం, అదే పోల్, దాని కొసన గాడి ఉన్న చిన్న చక్రం. ఆ గాడిలో వైరు. పట్టాలు చీలిన చోట ఆ చక్రం ఒక వైరును వదిలి సరైన వైరునే పట్టుకోవాలి. ఆ పని చేయించేదే ఫ్రాగ్. గుర్రం డెక్క అడుగున ఉండే త్రికోణపు మెత్తటి భాగానికి ఇంగ్లీషులో ఈ పేరు ఉంది. పోలికను బట్టి, పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగ్‌కు ఆ పేరు వచ్చిందని, అక్కడి నుంచి వైరు మీదికి ఎక్కిందని చెబుతారు.

ఫ్రాగ్ అనగానే కింద కదిలి దారి మార్చే పట్టాల మొనల్లాగే, అంటే పాయింట్లలాగే, పైన కూడా ఏదో అటూ ఇటూ కదులుతుందని చాలామంది అనుకుంటారు. మామూలు ట్రామ్ ఫ్రాగ్‌లో కదిలే భాగం ఒక్కటీ ఉండదు. మోటారు లేదు, స్ప్రింగు లేదు, డ్రైవరు నొక్కాల్సిన బటన్ లేదు. అది వైరుకు బోర్లించి బిగించిన కంచు పళ్లెం. దారిని ఎంచుకునేది కారు, ఫ్రాగ్ అడ్డుపడకుండా ఉంటే చాలు. అందుకే ఫ్రాగ్ పని బాగా జరిగిందా లేదా అన్నది పోతపని నాణ్యత కంటే దాన్ని ఎక్కడ వేలాడదీశారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

పళ్లెం లోపల ఏం జరుగుతుందో చూద్దాం. వైరు ఫ్రాగ్ మూతి దగ్గరికి వచ్చేసరికి చక్రం గాడి వైరు మీది నుంచి పోతలో భాగమైన రన్నర్ అనే సన్నటి పట్టీ మీదికి మారుతుంది. ఆ రన్నర్ లోతు క్రమంగా తగ్గుతూ పళ్లెం మధ్యలో మాయమైపోతుంది. అప్పుడు చక్రం రెండు అంచులూ పళ్లెం కప్పును తాకి దాని మీద దొర్లుతాయి. ఆ కొద్ది దూరం చక్రాన్ని పట్టి ఉంచే వైరు లేదు. చక్రాన్ని పట్టి ఉంచే చట్రం, అంటే హార్ప్, పోల్‌కు గట్టిగా బిగించి ఉంటుంది కాబట్టి చక్రం పోల్ ఎటు చూస్తే అటే దొర్లుతుంది. పోల్ చూసేది పైకప్పు మీది తన ఆధారం వైపు. కారు మలుపు తిరిగితే ఆధారం కూడా పక్కకు జరుగుతుంది, పోల్ వంకరవుతుంది, చక్రం ఆ వంక పట్టుకుని ఆ వైపు రన్నర్‌లోకి దిగుతుంది. కారు తిన్నగా పోతే పోల్ తిన్నగానే ఉంటుంది, చక్రమూ తిన్నగానే పోతుంది.

అంటే చక్రం పళ్లెంలోకి వచ్చే క్షణానికి కారు తన దారిలో కొంత దూరం వెళ్లి ఉండాలి. పోల్ ఆధారం కంటే చక్రం వెనక ఉండటం ఇందుకు కలిసొస్తుంది. ఎంత వెనక? 4.5 మీటర్ల పోల్, దాని ఆధారానికి 2 మీటర్ల ఎత్తులో వైరు అనుకుంటే, నేల మీద కొలిస్తే చక్రం సుమారు 4 మీటర్లు వెనక నడుస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క. చిన్న నాలుగు చక్రాల కారు, పోల్ ఆధారం కారు నడిమధ్య, బ్రాంచి లైను వంపు వ్యాసార్ధం 15 మీటర్లు. ఫ్రాగ్‌లో రెండు దారుల మధ్య కోణం 15 డిగ్రీలు. అంటే పోల్ 7.5 డిగ్రీలకు మించి వంగితే చక్రం బ్రాంచి వైపు, అంతకు తక్కువైతే తిన్నగా.

ఫ్రాగ్‌ను సరిగ్గా పాయింట్ల మొనకు నేరుగా పైన కట్టామనుకోండి. చక్రం అక్కడికి వచ్చేసరికి ఆధారం వంపులో 4 మీటర్లు వెళ్లి ఉంటుంది, పక్కకు సుమారు 53 సెంటీమీటర్లు జరిగి ఉంటుంది. పోల్ కోణం 7.6 డిగ్రీలు. సరిగ్గా గట్టు మీద. గాలి వీచినా, కారు ఊగినా, చక్రం కాస్త అరిగినా ఎటైనా పోతుంది. ఒక రోజు పదిసార్లు బాగానే పోయి, పదకొండోసారి తప్పే ఫ్రాగులు ఇలాంటివే.

అదే ఫ్రాగ్‌ను పాయింట్ల మొన నుంచి 2 మీటర్లు ముందుకు జరిపితే బ్రాంచికి వెళ్లే కారు పోల్ కోణం సుమారు 17 డిగ్రీలు అవుతుంది. తిన్నగా పోయే కారుకు సున్నా. 7.5 అనే గట్టుకు అటు 9.5, ఇటు 7.5. రెండు వైపులా దాదాపు సమానంగా వెసులుబాటు ఉంది. ఇదీ మనకు కావాల్సిన చోటు.

అలాగని ఇంకా ముందుకు తోస్తే మేలనుకోవద్దు. 5 మీటర్ల దగ్గర కోణం 35 డిగ్రీల చుట్టుపక్కలకు చేరుతుంది. బ్రాంచి మీదికి తిరిగిన కారు తన చక్రాన్ని ఇంకా తిన్నటి వైరు మీదే ఈడ్చుకుపోతుంటుంది. ఫ్రాగ్ దాకా రాకముందే చక్రం అంచు వైరు మీదికి ఎక్కి దూకేస్తుంది. చూసేవాళ్లు ఫ్రాగ్ చెడిందనుకుంటారు, ఫ్రాగ్‌ను చక్రం తాకనే లేదు.

వంపు సాఫీగా ఉంటే ఫ్రాగ్ మరింత ముందుకు పోవాలి. 30 మీటర్ల వ్యాసార్ధానికి పోల్ 15 డిగ్రీలు వంగాలంటే సుమారు 4 మీటర్లు. కింద క్రాసింగ్ కూడా ముందుకే జరుగుతుంది కాబట్టి, నేల మీంచి చూస్తే ఫ్రాగ్ ఎప్పుడూ పాయింట్ల మొనకూ క్రాసింగ్‌కూ నడుమనే కనిపిస్తుంది. నడుమ ఎక్కడన్నది మాత్రం కారును బట్టి, వంపును బట్టి, వైరు ఎత్తును బట్టి. తక్కువ ఎత్తు వంతెన కింద వైరు కిందికి దిగితే పోల్ పడుకుంటుంది, చక్రం మరో 40 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. అప్పుడు ఫ్రాగ్‌ను కూడా కాస్త వెనక్కి తేవాలి. పాత కార్లు రకరకాలవి నడిపే ట్రామ్ మ్యూజియంలకు ఇదే పెద్ద తలనొప్పి: పొడుగు పోల్ కారుకు సరిపోయిన చోటు పొట్టి పోల్ కారుకు సరిపోదు. వాళ్లు అన్ని కార్లనూ కొలిచి నడిమి చోటు ఎంచుకుని, మిగతాది నెమ్మదిగా నడపడం మీద వదిలేస్తారు.

బోగీలున్న (అంటే కారు అడుగున విడిగా తిరిగే చక్రాల చట్రాలున్న) పొడుగు కార్లకు పై లెక్క నేరుగా పనికిరాదు. రెండు బోగీల మధ్య ఉన్న పైకప్పు భాగం వంపు లోపలికి వస్తుంది, వెనక బోగీ దాటి ఉన్న తోక బయటికి పోతుంది. ఆధారం ఈ రెండింటిలో ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి కోణం మారిపోతుంది. అందుకే కాగితం మీద లెక్క కట్టాక కూడా కారుతోనే సరిచూడాలి. పద్ధతి సులువు. పోల్‌ను వైరు ఎత్తులో, కారుకు తిన్నగా వెనక్కి కట్టేసి, చక్రం నుంచి తూకం గుండు వేలాడదీయండి. కారును మనుషులతో తోస్తూ, అర మీటరుకొకసారి ఆపి, గుండు ఎక్కడుందో, ఆధారం కింద నేల ఎక్కడుందో రెండూ సుద్దతో గుర్తు పెట్టండి. మొదట తిన్నగా, తర్వాత బ్రాంచి మీద. ఆధారం గుర్తుల నుంచి వెనక్కి 4 మీటర్ల తాడు పట్టి తిన్నటి లైను మీద ఆనిస్తే ప్రతి చోటా పోల్ కోణం ఎంతవుతుందో నేల మీదే కనిపిస్తుంది. సగం పూట పని. దీన్ని చేయకుండా కంటి అంచనాతో కట్టిన ఫ్రాగ్‌ను తర్వాత పదే పదే జరపాల్సి వస్తుంది.

ఫ్రాగ్ దాటాక వంపులో వైరు ఎక్కడ నడవాలన్నదీ ఇదే లెక్క. పోల్ వైరుకు ఒరుసుకోకుండా ఉండాలంటే వైరు పట్టాల నడిమి గీత కంటే వంపు లోపలి వైపుకు ఉండాలి. ఎంత లోపలికి అంటే, చక్రం ఆధారానికి ఎంత వెనక ఉందో ఆ దూరం వర్గాన్ని వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగించాలి. 4 మీటర్లు, 15 మీటర్లు అయితే 16ను 30తో భాగిస్తే 53 సెంటీమీటర్లు. పాంటోగ్రాఫ్ లైనుకు అలవాటు పడ్డవాళ్లు వైరును పట్టాల నడిమికి లాగేస్తారు. అక్కడి నుంచి పోల్ తప్పడం మొదలవుతుంది.

ఇక కట్టడం. ఇక్కడ అసలు శత్రువు వైరు లాగుడు. వైరులో 1,000 కిలోల బిగువు ఉందనుకుందాం. ఫ్రాగ్ వెనక ఒకే వైరు, ముందు రెండు. 15 డిగ్రీల పక్కకు పోయే బ్రాంచి వైరు ఫ్రాగ్‌ను పక్కకు దాదాపు 260 కిలోల బలంతో లాగుతుంది, ముందుకు మరో 965 కిలోలతో లాగుతుంది. పక్క లాగుడుకు ఎదురుగా స్తంభానికి లాగి కట్టే తీగ, అంటే ఒక గై వైరు, ముందు లాగుడుకు ఎదురుగా వెనక స్తంభానికి ఒక యాంకర్ గై కావాలి. మొదటిది ఎవరూ మరిచిపోరు, ఫ్రాగ్ పక్కకు జరగడం కళ్లకు కనిపిస్తుంది కాబట్టి. రెండోదాన్ని మరిచిపోతారు. అప్పుడు ఫ్రాగ్ రోజుకింత ముందుకు పాకుతుంది. ఎండకు, చలికి రాగి వైరు సాగి ముడుచుకోవడం దీనికి తోడు: 100 మీటర్ల వైరు 30 డిగ్రీల తేడాకు 5 సెంటీమీటర్లు మారుతుంది. చలికాలంలో సరిగ్గా పనిచేసిన ఫ్రాగ్ ఎండాకాలంలో పోల్ తప్పిస్తోందంటే ముందు యాంకర్ గై చూడండి.

గైలన్నిటికీ ఫ్రాగ్ దగ్గరే ఇన్సులేటర్లు పడాలి, ఫ్రాగ్ మొత్తం లైవ్‌లో ఉంటుంది. టొరంటో, ఫిలడెల్ఫియా లైన్లలో అది 600 వోల్టుల డిసి. రెండు దారులకూ కరెంటు ఇచ్చే తీగ (ఫీడరు) ఒకటే అయితే ఫ్రాగ్ లోపల ఇన్సులేషన్ అవసరం లేదు.

తర్వాత మట్టం. ఇది చాలామందికి తలకిందులుగా తోస్తుంది. నీరు పల్లమెరుగు అంటాం, ట్రాలీ చక్రం మిట్ట ఎరుగు. దాన్ని స్ప్రింగులు 10, 15 కిలోల బలంతో పైకి నొక్కుతుంటాయి కాబట్టి పళ్లెం ఎటు ఎత్తుగా ఉంటే చక్రం అటే జారుతుంది. బ్రాంచి వైపు అంచు కాస్త పైకి లేచి ఉంటే తిన్నగా పోవాల్సిన చక్రాలు బ్రాంచిలోకి దూరతాయి. రసమట్టం పెట్టి పొడుగునా, అడ్డంగా రెండు వైపులా చూడాలి, అదీ గైలన్నీ పూర్తిగా బిగించిన తర్వాత. బిగించక ముందు చూసిన మట్టం మట్టం కాదు.

ఆ తర్వాత పళ్లెం కప్పుకు పల్చగా రంగు పూయండి. కారును నడక వేగంతో పది సార్లు తిన్నగా పంపి, పళ్లెంలో చక్రం అంచులు గీసిన గీతలు చూడండి. రెండు గీతలూ సమాంతరంగా, సాఫీగా, తిన్నటి రన్నర్‌కు చెరో వైపు దిగాలి. మళ్లీ రంగు పూసి బ్రాంచికి పదిసార్లు. గీత ఏదైనా చీలిక మొనకు ఒరుసుకుంటూ పోయి ఉంటే, ఇవాళ తప్పకపోయినా రేపు తప్పుతుంది. ఫ్రాగ్‌ను 20, 30 సెంటీమీటర్లు జరిపి మళ్లీ చూడాలి. కొత్త చక్రంతో ఒకసారి, అరిగిన చక్రంతో ఒకసారి ఈ పరీక్ష చేయడం మంచిది.

వాడుకలో ఏం చెడుతుంది? అన్నిటికంటే ముందు పళ్లెం కప్పు. చక్రం అంచులు దొర్లీ దొర్లీ అక్కడ రెండు కాలువలు పడతాయి. ఎక్కువ కార్లు పోయే దారిలోనే ఆ కాలువలు లోతుగా పడతాయి కాబట్టి, అరుదుగా బ్రాంచికి పోయే కారు చక్రం కూడా ఆ పాత కాలువలోనే ఇరుక్కుని తిన్నగా పోతుంది. కారు ఒకవైపు, చక్రం ఒకవైపు. చెయ్యి పెట్టి తడిమితే కాలువ తెలుస్తుంది, కరెంటు ఆపాకే లెండి. లోతు పెరిగితే పోత మార్చాల్సిందే. మూతి దగ్గర వైరు నుంచి రన్నర్ మీదికి మారే చోట అర మిల్లీమీటరు మెట్టు ఉన్నా చక్రం ఎగిరి పడుతుంది, మెరుపు వస్తుంది, మెరుపుకు లోహం కరిగి మెట్టు ఇంకా పెరుగుతుంది. ఆకురాయి పట్టి వెంటనే సాపు చేస్తే పోయేదాన్ని వదిలేస్తే నెలల్లో మూతి మొత్తం పోతుంది.

ఒక ఫ్రాగ్ దగ్గర అన్ని కార్లూ తప్పుతుంటే ఫ్రాగ్‌ను చూడండి. ఒకే కారు అన్ని ఫ్రాగుల దగ్గరా తప్పుతుంటే కారును చూడండి: వంగిన పోల్, మెలిపడ్డ హార్ప్, బుష్ వదులై ఊగే చక్రం, గ్రీజు ఎండి సరిగ్గా తిరగని ఆధారం. హార్ప్ మూడు డిగ్రీలు మెలిపడితే పైన మనం లెక్క కట్టిన వెసులుబాటులో మూడో వంతు పైగా ఒక్క దెబ్బతో పోయినట్టే.

చక్రం బదులు కార్బన్ పలక ఉన్న షూ వాడే చోట సూత్రం ఇదే గానీ పోత వేరు. షూ హార్ప్ మీద కాస్త తిరుగుతుంది కాబట్టి తనంతట దారి పట్టదు, పోల్ లాగే పక్క గోడకు ఆనుకుని జారుతుంది. చక్రం ఫ్రాగ్‌లో షూ, షూ ఫ్రాగ్‌లో చక్రం నడపాలని చూడొద్దు. ఫిలడెల్ఫియాలో 1980ల తొలినాళ్ల కవాసాకి కార్లు ఇప్పటికీ పోల్, షూలతోనే తిరుగుతున్నాయి. 40వ వీధి పోర్టల్ దగ్గర సొరంగంలోంచి బయటికి వచ్చే 11, 13, 34, 36 నంబరు రూట్లు, ఇప్పటి పేర్లలో టీ4, టీ3, టీ2, టీ5, అక్కడి నుంచి చీలతాయి. పైన వైర్ల అల్లికను చూడాలనుకునేవాళ్లకు అంతకంటే మంచి చోటు అమెరికాలో తక్కువ.

ఫ్రాగ్‌ను వెనక్కి దాటడం మాత్రం ప్రమాదం. ఇంతసేపూ చెప్పిందంతా పోల్ వెనక ఈడ్చుకొచ్చేటప్పటి మాట. కారును రివర్స్ చేస్తే పోల్ చక్రాన్ని తోస్తుంది, తోసిన చక్రానికి దిక్కు నిలవదు. ఒకరు వెనక దిగి పోల్‌కు కట్టిన తాడును చేత్తో పట్టుకుని చక్రాన్ని ఫ్రాగ్ దాటించాలి, కారు నడక వేగం దాటకూడదు. పోల్ తప్పితే వైరు ఒత్తిడి లేని స్ప్రింగులు దాన్ని ఒక్కసారిగా పైకి విసురుతాయి, అది ట్రామ్ వైరును మోసే అడ్డ తీగలను (స్పాన్ వైర్లను) తెంపగలదు. కారు వెనక గుండ్రటి డబ్బాలో ఉండేది క్యాచర్ అయితే తాడును పట్టి ఆపుతుంది, రిట్రీవర్ అయితే పోల్‌ను కిందికి కూడా లాగేస్తుంది. వేగంగా నడిచే లైనులో రిట్రీవరే ఉండాలి.

రెండు వైర్ల నుంచి రెండు పోళ్లతో కరెంటు తీసుకునే ట్రాలీబస్సుకు మాత్రం కదిలే నాలుక ఉన్న స్విచ్ తప్పదు. దానికి పట్టాలు లేవు. వైరు కింద నుంచి అటూ ఇటూ మూడు నాలుగు మీటర్లు జరిగి నడవగలదు కాబట్టి పోల్ కోణాన్ని బట్టి అది ఎటు పోతుందో చెప్పలేం. శాన్ ఫ్రాన్సిస్కో, సియాటిల్, వాంకూవర్‌లలో కనిపించే సెలెక్ట్రిక్ స్విచ్ దీనికి తెలివైన జవాబు: రెండు వైర్ల మీదా ఒక్కో కాంటాక్టును ఒకదానికొకటి ముందు వెనకలుగా కడతారు. తిన్నగా పోయే బస్సు రెండు పోళ్లూ వాటిని వేర్వేరు క్షణాల్లో తాకుతాయి. మలుపు మొదలెట్టిన బస్సు పోళ్లలో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి జరిగి రెండింటినీ ఒకేసారి తాకుతాయి. సర్క్యూట్ పూర్తవుతుంది, నాలుక కదులుతుంది.

ట్రాములకూ వైరు మీద కాంటాక్టు ఉంది గానీ అది కదిపేది నేల మీది పాయింట్లను. పాత పద్ధతిలో కారు ఆ కాంటాక్టు కింద కరెంటు తీసుకుంటూ పోతే ఒక దారి, తీసుకోకుండా దొర్లుతూ పోతే ఇంకో దారి. టొరంటోలో దీన్ని నెసెసిటీ యాక్షన్ అనేవాళ్లు, స్తంభాల మీద ఎన్‌ఏ అని రాసి ఉండేది. ఇక్కడ తప్పు రెండు చోట్ల జరుగుతుంది. దొర్లుతున్న కారులో కూడా హీటర్లు, దీపాలు, కంప్రెసర్ కరెంటు తాగుతుంటాయి. కరెంటును పసిగట్టి పాయింట్లను తిప్పించే రిలే పట్టే హద్దు అంతకంటే చాలినంత ఎత్తులో లేకపోతే పాయింట్లు పొరపాటున తిరుగుతాయి. రెండోది దూరం. చక్రం కాంటాక్టును తాకేసరికి కారు ముందు చక్రాలు దానికంటే 10 మీటర్లు ముందుంటాయనుకోండి. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో పాయింట్లు తిరగడానికి సెకనున్నర పట్టినా మరో 4 మీటర్లు పోతుంది. కాంటాక్టు పాయింట్లకు 15 మీటర్ల కంటే దగ్గర ఉంటే ముందు బోగీ ఒకవైపు, వెనక బోగీ ఇంకోవైపు పోయే ప్రమాదం ఉంది.

మన దగ్గరి ట్రాముల సంగతి. 1895లో దేశంలో మొదటి ఎలక్ట్రిక్ ట్రామ్ నడిచిన మద్రాసులో మొదట కరెంటు పట్టాల నడుమ కాలువలోంచి తీసుకున్నారు, వాన నీటితో వేగలేక తర్వాత వైరు పైకి ఎక్కించారు. 1953లో అది ఆగిపోయింది. 1902 నుంచి కరెంటుతో నడిచిన కలకత్తా ట్రాములు దశాబ్దాలపాటు పోల్‌తోనే తిరిగాయి.

పోల్ నుంచి పాంటోగ్రాఫ్‌కు మారే ఊళ్లకు కొన్నేళ్లపాటు రెండూ ఒకే వైరు కింద నడవాలి. టొరంటోలో 2017లో కొత్త కార్లు పాంటోగ్రాఫ్ వాడటం మొదలుపెట్టినప్పటి నుంచి 2019 డిసెంబరులో చివరి పాత కారు ఆగేదాకా ఇదే పరిస్థితి. మామూలు ఫ్రాగ్ కింద పాంటోగ్రాఫ్ పోతే దాని పలక పళ్లెం అంచుకు గుద్దుకుంటుంది. అందుకని ఫ్రాగ్‌కు రెండు పక్కలా పొడుగాటి గ్లైడర్ కడ్డీలు బిగిస్తారు. అవి పాంటోగ్రాఫ్‌ను ముందే మెల్లగా కిందికి నొక్కి, పళ్లెం అడుగు నుంచి దాటించి, మళ్లీ వైరుకు అప్పగిస్తాయి. షూ పోయే దారిలోకి కడ్డీ రాకూడదు, పళ్లెం కంటే కడ్డీ పైన ఉండకూడదు. ఈ రెండు కొలతలూ కుదిరేదాకా బిగించిన ప్రతి ఫ్రాగ్‌నూ పోల్‌తో ఒకసారి, పాంటోగ్రాఫ్‌తో ఒకసారి నడక వేగంలో దాటించి చూడాలి.